పాత అంబాసిడర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

హైదరాబాద్ పాతబస్తీలోనైనా, కర్నూలు, గుంటూరు వైపు ఊళ్లలోనైనా, ఏదో ఒక ఇంటి పక్కన టార్పాలిన్ కప్పుకున్న అంబాసిడర్ ఇప్పటికీ కనిపిస్తుంది. దాదాజాన్ కొన్నదో, అబ్బా ఏళ్ల తరబడి నడిపిందో అయి ఉంటుంది. అమ్మడానికి మనసు రాదు, తుక్కు కింద తూకం వేయడానికి అసలే రాదు. సెలవుల్లో కొడుకులు, అల్లుళ్లు కలిసి బాగుచేద్దామని మొదలుపెడతారు. చాలా ఇళ్లలో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. కారణం డబ్బు ఒక్కటే కాదు, వరుస తప్పడం. ముందు రంగు వేయించి, సీట్లు కుట్టించి, టేపు రికార్డరు పెట్టించేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. బ్రేకులు మాత్రం పాతవే ఉంటాయి.

గుర్తుంచుకోవలసిన వరుస ఇది: బండి ముందు నిలబడాలి, తర్వాత ఆగాలి, తర్వాత నడవాలి, చివర్లో మెరవాలి. పండుగ రోజు పిల్లలను ఎక్కించుకునేది అందులోనే కాబట్టి ఈ వరుస మార్చకూడదు.

బండి గురించి కొంత

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారుచేసింది. 1957లో మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగింది. చాలా ఏళ్లు ఇందులో 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ వచ్చింది. తర్వాత డీజిల్, 1990లలో 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్ వచ్చాయి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా పాత 1489 సీసీ పెట్రోల్ బండి గురించి. పద్మిని, మారుతి 800 ఉన్నవాళ్లకూ పని వరుస ఇదే.

పానా పట్టేముందు కాగితాలు

మొదట ఆర్‌సీ తీసి ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడండి. నంబర్లు కలవకపోతే పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఏ ఆఫీసులో తేల్చుకోవాలి. బండి ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే, వారసుల సంతకాలతో పేరు మార్పు ముందే చేయించుకోవడం మంచిది. లక్షలు ఖర్చయ్యాక అన్నదమ్ముల మధ్య మాట రాకుండా ఉంటుంది.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ టాక్స్, ఆలస్య రుసుం వేరే ఉంటాయి. ఇవన్నీ ఖర్చు లెక్కలో ముందే రాసుకోండి.

2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా తెలుసుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. నమోదు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. అయితే అలాంటి బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి.

1975లో నమోదైన అంబాసిడర్‌కు 2025లోనే 50 నిండాయి. అలాంటి బండికి ఇప్పుడు వేరే ఇంజిన్ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. వింటేజ్‌గా దాచుకోవాలా, ఇంటి బండిగా తిప్పాలా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని మొదటి రోజే నిర్ణయించుకోవాలి.

ఇంటి వర్క్‌షాపు

సిమెంటు నేల, పైన కప్పు, గాలి ఆడే చోటు ఉంటే చాలు. కింద దూరి పని చేయాలంటే జాకీ ఒక్కటే నమ్ముకోకూడదు. బరువుకు తగిన ఇనుప స్టాండ్ల మీద బండిని నిలిపి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వాడొద్దు. బరువు పడితే అవి చెప్పకుండా పగులుతాయి. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేయొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని మత్తులోకి దించి చంపేస్తుంది. రేడియేటరులో పోసే కూలెంట్ తియ్యగా ఉంటుంది, అది విషం. పిల్లలకు, పిల్లులకు అందకుండా పెట్టండి.

విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నట్లు, బోల్టులు వేర్వేరు డబ్బాల్లో వేసి, పైన పేరు రాసి అంటించండి. నెల తర్వాత బిగించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

నిలబడాలి: తుప్పు పని

అంబాసిడర్‌కు లారీలా విడి చాసిస్ ఉండదు. బాడీయే మొత్తం బరువు మోస్తుంది. అందుకే తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెల్లాంటి రేకులు, ఫ్లోరు, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు తుప్పుపట్టాయంటే అది అందం సమస్య కాదు, ప్రాణం సమస్య.

మ్యాట్లు తీసి, పేచ్‌కస్ మొనతో పొడిచి చూడండి. రేకు కరకరలాడి దిగబడితే కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. అనుమానం ఉన్నచోట చిన్న అయస్కాంతం పెట్టండి. అతుక్కోకపోతే కింద రేకు లేదు, పుట్టీ ఉందన్నమాట. డిక్కీలో స్టెప్నీ కింద, అద్దాల రబ్బరు చుట్టూ కూడా చూడాలి.

తలుపుల కింది రేకులు మార్చేటప్పుడు ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయించాలి. రెండూ ఒకేసారి కోస్తే బాడీ కుంగుతుంది, తర్వాత తలుపులు పట్టవు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, పెట్రోలు ట్యాంకు దించేసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

ఆగాలి: బ్రేకులు, టైర్లు

పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పాత రకం మాస్టర్ సిలిండరులో ఒకే లైను ఉంటుంది. ఎక్కడో ఒక పైపు కారిందంటే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి, మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. కాబట్టి ఏళ్లుగా ఆగి ఉన్న బండికి వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, రబ్బరు హోస్‌లు అన్నీ కొత్తవే వేయాలి. తుప్పుపట్టిన ఇనుప పైపులు కూడా మార్చాలి. బ్రేకు సామాను మాత్రం సెకండ్ హ్యాండ్ కొనవద్దు.

బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. రెండేళ్లకొకసారి మార్చాలి. అందులో ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి దుమ్ము దులపకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు లోతుగానే ఉన్నా, పదేళ్లు దాటిన టైరును నమ్మకండి. స్టీరింగ్ లింకుల్లో ఆట ఉందేమో చూసి, గ్రీజు పాయింట్లన్నింటికీ గన్నుతో గ్రీజు ఎక్కించండి.

నడవాలి: ఇంజిన్, పెట్రోలు

చాలాకాలం ఆగిన ఇంజిన్‌కు వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరులో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. తేలిగ్గా తిరిగితే పాత ఆయిల్, ఫిల్టరు మార్చి, కాయిల్ వైరు తీసి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు, కాయిల్ వైరు బిగించి స్టార్ట్ చేయాలి. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, ఒకటో సిలిండరు రేడియేటరు వైపు ఉంటుంది. ప్లాటినం పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి.

బోరింగ్ చేయించాలా వద్దా అన్నది కంప్రెషన్ గేజి చెబుతుంది. నాలుగు సిలిండర్ల రీడింగులు పది శాతం తేడాలోపు ఉంటే ఇంజిన్ విప్పాల్సిన పని లేకపోవచ్చు. ఒకదానిలో తక్కువగా ఉంటే ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. గేజితో పది నిమిషాలు చూసుకుంటే అనవసరమైన బోరింగ్ ఖర్చు తప్పొచ్చు.

ఈ ఇంజిన్ తయారైన రోజుల్లో పెట్రోలులో సీసం ఉండేది, అది వాల్వు సీట్లను కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. కాబట్టి ఏ కారణంతోనైనా హెడ్ విప్పితే, గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించుకోవడం మంచిది.

ఇప్పుడు కొత్త చిక్కు ఇథనాల్. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలే సాధారణమైంది. పాత రబ్బరు పైపులను, కార్బొరేటరు వాషర్లను ఇథనాల్ మెత్తబరుస్తుంది, తేమ పీల్చి ట్యాంకులో తుప్పు పెంచుతుంది. పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునే రకంవి వేయించండి. బండిని నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి.

మార్పులు: ఏవి మేలు, ఏవి కీడు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. వేరే ఇంజిన్ వేయాలంటే ముందే ఆర్‌టీఏ అనుమతి తీసుకుని, తర్వాత ఆర్‌సీలో రాయించుకోవాలి. రంగు మార్చినా అంతే. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ రోజున చిక్కు వస్తుంది.

చాలామందికి మోజు ఇసుజు ఇంజిన్ మీద. వేగం పెరుగుతుంది, నిజమే. కానీ పాత డ్రమ్ బ్రేకులు ఆ వేగానికి సరిపోవు. ఆపే శక్తి పెంచకుండా పరుగెత్తే శక్తి పెంచడం తెలివైన పని కాదు.

చిన్నవే అయినా ఎక్కువ మేలు చేసేవి వైరింగ్ పనులు. పాత బండిలో ఫ్యూజులు రెండు మూడే ఉంటాయి. ఒక్కో లైనుకు విడి ఫ్యూజు ఉండే పెట్టె పెట్టుకుంటే మంటల భయం తగ్గుతుంది. హెడ్‌లైట్లు హై బీమ్‌లో 60 వాట్ల చొప్పున రెండింటికీ పది ఆంపియర్ల కరెంటు లాగుతాయి. అదంతా పాత స్విచ్చు గుండా పోతే స్విచ్చు వేడెక్కుతుంది, వెలుతురు తగ్గుతుంది. రిలే పెడితే రెండు బాధలూ తీరుతాయి. బెల్టులు లేని బండికి సీటు బెల్టులు పెట్టేటప్పుడు పలచని ఫ్లోరు రేకుకు బోల్టు వేస్తే సరిపోదు. కింద మందపాటి ఇనుప పలక వేసి బిగించాలి.

మన చేతి పని, ఉస్తాద్ పని

విప్పడం, శుభ్రం చేయడం, తుప్పు గీకడం, ప్రైమర్ పూయడం, ఆయిళ్లు, ప్లగ్గులు, పాయింట్లు, ఇంటీరియర్ ఇంట్లోనే చేసుకోవచ్చు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ లేత్ షాపులో చేయించాలి. బాడీ వెల్డింగ్ చేయి తిరిగిన ఉస్తాద్‌కే అప్పగించాలి. బ్రేకులు మీరే బిగించినా, రోడ్డెక్కేముందు ఆయనతో ఒకసారి చూపించండి. విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ తిరగండి. అక్కడ దొరకనివి టాక్సీల ఊరైన కోల్‌కతాలో దొరికే అవకాశం ఎక్కువ.

చివరగా మెరుపు

ఇప్పుడు రంగు సంగతి. గట్టిపడే మందు కలిపి కొట్టే టూ-కే పెయింటులోని ఐసోసైనేట్‌లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఇంటి ఆవరణలో కొట్టకుండా బూత్ ఉన్న షెడ్డుకు ఇవ్వండి.

మొదటిసారి రోడ్డెక్కించేటప్పుడు ఒక్కరే, ఖాళీ మైదానంలో, 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి చూడండి. బండి ఒక పక్కకు లాగితే వెనక్కి తీసుకొచ్చి డ్రమ్ములు మళ్లీ విప్పండి. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, పైపు కీళ్లు, ఆయిల్ మట్టం మరోసారి చూడండి. ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో ఒక నోటుపుస్తకంలో రాసి బండిలోనే ఉంచండి. రేపు ఈ బండి పిల్లల చేతికి వెళ్లినప్పుడు తాళాలతో పాటు ఇవ్వాల్సింది ఆ పుస్తకమే.