పన్నెండుంబావుకు మిట్టమధ్యాహ్నం

బన్సీలాల్‌పేట్ మెట్లబావి గట్టున నీడ అన్నిటికంటే పొట్టిదయ్యేది చేతి గడియారం పన్నెండు చూపినప్పుడు కాదు. సగటున మరో 16 నిమిషాలు ఆగాలి. నవంబరు మొదట్లో పొద్దూ గడియారమూ పన్నెండు దగ్గరే కలుస్తాయి. ఫిబ్రవరి నడుమకొచ్చేసరికి పన్నెండున్నర అవుతుంది. మన టైము కాకినాడ పక్కనుంచి పోయే రేఖాంశానిది. సికింద్రాబాద్ దానికి పడమట ఉంది మరి.

ఘడియకు 24 నిమిషాలు, జాముకు మూడు గంటలు. ఆ లెక్కన బతికిన ఊళ్లలో పది నిమిషాల ఆలస్యానికి పేరే లేదు. పొద్దు పోతేనే ఆలస్యం. 1874 అక్టోబరు 9న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. దేశంలో రైళ్లు అప్పుడు చాలావరకు మద్రాసు టైముకు నడిచేవి. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు, సికింద్రాబాద్ పొద్దు కంటే ఏడు నిమిషాలు ముందు. పొద్దును నమ్ముకుని స్టేషన్‌కు వెళ్తే రైలు ప్లాట్‌ఫారం దాటి పోయినట్టే.

1897 ఫిబ్రవరి 1న బ్రిటిష్ రెసిడెంట్ ప్లౌడెన్ సికింద్రాబాద్‌లో 120 అడుగుల క్లాక్ టవర్‌ను ప్రారంభించాడు. గోపురం దొరలదే అయినా, లోపలి గడియారం దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ ఇచ్చింది. ఊరికి టైము దానం చేయడం ఆనాటి సేఠ్‌లకు సత్రం కట్టించినంత పుణ్యం కాబోలు! నాగన్నకుంట అనే పాత పేరున్న పేటకు 1933లో బన్సీలాల్ పేరు పెట్టిందీ ఇలాంటి సేఠ్ ఔదార్యానికే.

1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది. ఏడు నిమిషాల ఎడం పదహారైంది. అంతకంటే విచిత్రం యుద్ధంలో జరిగింది. 1942 సెప్టెంబరు 1న దేశమంతటా గడియారాలను గంట ముందుకు తిప్పారు. ఆ లెక్కన సికింద్రాబాద్‌లో మిట్టమధ్యాహ్నం ఒంటిగంటా పదహారుకు! 1945 అక్టోబరు 15న ముల్లు మళ్లీ వెనక్కి వచ్చింది. పొద్దు మాత్రం ఈ డెబ్బై ఏళ్లలో అంగుళం కదల్లేదు. అయినా లేటు ముద్ర మనుషులకే పడింది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

ముల్లును వెనక్కి తిప్పని దేశం ఒకటుంది. స్పెయిన్‌ది గ్రీనిచ్ వరుస. మాడ్రిడ్ గ్రీనిచ్‌కు కాస్త పడమటే. కానీ 1940 మార్చి 16న ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను గంట ముందుకు జరిపి, బెర్లిన్ టైముతో కలిపేసింది. యుద్ధం ముగిసినా అలాగే ఉంచింది. అందుకే చలికాలంలో మాడ్రిడ్‌లో మిట్టమధ్యాహ్నం సగటున ఒంటిగంటుంబావుకు, అంటే యుద్ధకాలపు సికింద్రాబాద్ లెక్కే. వేసవిలో రెండుంబావు. స్పెయిన్ వాళ్లు రెండు దాటాక భోజనానికి కూర్చుంటారని నవ్వేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. పొద్దు లెక్కన చూస్తే వాళ్లు తినేది మన వేళకే.

తార్నాకలోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే 'తార్దే' ఎదురవుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అదే మాట, ఆలస్యానికీ అదే. బన్సీలాల్‌పేట్‌లో 'పొద్దువోయింది' అనే ఇళ్ల పిల్లలకు ఇందులో వింతేమీ ఉండదు. వాళ్లు తడబడేది పలకరింపు దగ్గర. ఒంటిగంట దాటింది కదా అని 'బ్వేనస్ తార్దేస్' అంటే, ఇంకా భోంచేయని స్పెయిన్ మనిషి 'బ్వేనోస్ దియాస్' అని బదులివ్వొచ్చు. అక్కడ చాలామందికి పూట మారేది ముల్లును బట్టి కాదు, భోజనాన్ని బట్టి.

2016 ఏప్రిల్‌లో స్పెయిన్ ప్రధాని మరియానో రహోయ్ గ్రీనిచ్ టైముకు తిరిగి వెళదామని ప్రతిపాదించాడు. గడియారాలు మాత్రం బెర్లిన్ టైములోనే ఉన్నాయి.