స్మృతిపద్యంలో దాత, గ్రహీత: పెద్దన చాటువు నుంచి శ్రీశ్రీ అంకితం దాకా

హైందవ అంత్యేష్టిలో మంత్రానికి చోటుంది గాని ప్రసంగానికి లేదు. గతించిన ఆత్మీయుణ్ణి ప్రస్తుతించే బాధ్యతను తెలుగులో ప్రధానంగా పద్యమే స్వీకరించింది. అయితే ఆ ప్రస్తుతి ఎవరికి దక్కుతూ వచ్చిందన్న ప్రశ్న స్మృతికావ్య చర్చల్లో తగినంతగా వినిపించదు.

1529లో శ్రీకృష్ణదేవరాయలు మరణించినప్పుడు అల్లసాని పెద్దన చెప్పినదిగా ప్రసిద్ధమైన సీసపద్యం ఇందుకు తొలి ఆధారం. చాటువు గనుక కర్తృత్వాన్ని నిర్ధారించి చెప్పడం కష్టమే. అందులో ఉదయగిరి లేదు, రాయచూరు లేదు. ఎదురైతే ఏనుగును ఆపి చేయూతనిచ్చి ఎక్కించుకోవడం, మనుచరిత్రను అందుకొన్నవేళ పల్లకిని స్వయంగా ఎత్తడం, గండపెండేరాన్ని తానే తొడగడం, కోకట మొదలైన అగ్రహారాలనివ్వడం మాత్రమే ఉన్నాయి. చరిత్రకారులు దీనిని సత్కారాల జాబితాగా వాడుకొన్నారు. నిజానికి ఇది ఒక మనిషి మరొక మనిషికి పడిన రుణాల లెక్క. ఆ రుణం తీరే దారి లేకనే కవి చివరకు తనను జీవచ్ఛవంగా చెప్పుకొన్నాడు. ఏమైనా ఇక్కడ స్తుతికి అర్హత ఇచ్చినవాడిదే.

భార్య వరలక్ష్మమ్మ మరణానంతరం విశ్వనాథ సత్యనారాయణ రచించిన ‘వరలక్ష్మీ త్రిశతి’తో ఈ అర్హత రాచకొలువును దాటి ఇంటిలోకి వచ్చింది.

అసలైన తలకిందులు శ్రీశ్రీలో జరిగింది. ‘ఉదయిని’ పత్రికను నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. అగ్రహారాల మాట అటుంచి, ఆయనకు లోకం నుంచి దక్కిన ఆదరణే స్వల్పం. అందుకే శ్రీశ్రీ గీతంలో సత్కారాల పట్టికకు బదులు ఉదాసీనతల పట్టిక కనిపిస్తుంది: కార్యాలయాలు, బ్యాంకులు యథాప్రకారం నడిచాయి, దుఃఖించినవారు గుప్పెడు స్నేహితులే. పెద్దన పద్యంలో రాయలు ‘అతడు’; ఇక్కడ మృతుడు ‘నువ్వు’. నేస్తాన్ని సంబోధిస్తున్నట్టే ఉంటుంది గాని అభియోగం వింటున్నది సమాజం. ఈ గీతాన్ని వ్యక్తిగత శోకంగా మాత్రమే చదివితే దాని సగం బలం పోతుంది.

కృతిని అందుకొన్న ప్రభువు కవికి ధనకనకాలిచ్చి, కృతిపతిగా కీర్తిని పొందడం పాత సంప్రదాయం. 1950లో ‘మహాప్రస్థానం’ గ్రంథరూపంలో వెలువడినప్పుడు దాని అంకితం జనార్దనరావుకే దక్కింది. అప్పటికి ఆ కృతిపతి మరణించి పదమూడేళ్లు.