పెండ్లి పందిటి చేతిపనులు: కర్తలెవరు?

ఇటీవల కొందరు వధూవరులు తమ పెండ్లి అలంకారములను తామే కూర్చుకొనుచున్నారు. కొబ్బరి బొండమునకు పూసలు అద్దుట, అడ్డుతెరపై పేర్లు చిత్రించుట, అతిథులకిచ్చు తాంబూలపు సంచులు కుట్టుట ఇందుకు ఉదాహరణములు. దీనిని పూర్వాచారమునకు మరలివచ్చుటగా భావించువారు కలరు. ఆ భావన ఎంతవరకు నిలుచునో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. అందుకై ప్రతి వస్తువును గూర్చియు మూడు ప్రశ్నలు వేయుచున్నాము: అది దేనితో చేయబడినది? ఎవరు చేసిరి? చేసినవారికి ఏమి ముట్టినది?

ఇట్టి విచారణకు దారి చూపిన గ్రంథములు లేకపోలేదు. 1949లో వెలువడి, 1955లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిన సురవరము ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ సామాన్య జనుల ఆటపాటలను, వేషభోజనములను చరిత్రకు వస్తువుగా నిలిపినది. రంగాచారి సహాయమున థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమున పెండ్లి తంతుల వర్ణనలు విరివిగా నున్నవి. అయితే అందు తంతు వివరము లభించినంతగా వస్తువును చేసిన చేతి వివరము లభింపదు.

మొదట బాసికమును చూతము. వధూవరుల నుదుట పసుపుదారముతో కట్టు ఈ ఆభరణమును కన్నడమున బాసింగమనియు, మరాఠీలో బాశింగ్ అనియు పిలుతురు. కావున ఇది ఒక్క తెలుగువారి సొత్తు కాదు. దక్కను ప్రజలందరికిని ఉమ్మడి యగు వస్తువు. కలవారు ముత్యములతోను, జరీతోను చేయించుకొన్నను, సామాన్యులకు అందుబాటులో నున్నది జీలుగుబెండు. చెరువులలోను తడినేలలలోను పెరుగు ఈ మొక్క కాండము లోపల తెల్లగా, మెత్తగా, మిక్కిలి తేలికగా నుండును. పదునైన కత్తితో దానిని కాగితమువలె పలుచని పొరలుగా తీయవచ్చును. ఆ పొరలను కోసి, అతికి, తళుకు కాగితములను అంటించి బాసికము చేసెడివారు. వంగదేశమున వరుడు ధరించు టోపర్ అను కిరీటమును మాలాకారులు చేయునదియు ఈ బెండుతోనే. నుదుటిపై గంటల తరబడి నిలువవలసిన వస్తువునకు తేలికదనము ప్రధానమగుటచే రెండు దేశముల పనివారును ఒకే పదార్థమును ఎన్నుకొనిరని మా అభిప్రాయము.

బాసికము తరువాత కుండలు, గంపలు, గుడ్డలు గణింపదగినవి. పెండ్లింట నిలుపు ఐరేని కుండలను కుమ్మరి చేసి, సున్నముతోను ఎఱ్ఱమన్నుతోను చిత్రించును. పెండ్లివారు మేళతాళములతో కుమ్మరి యింటికి పోయి వానిని తెచ్చుకొందురు. కోస్తా ప్రాంతమున వధువును మేనమామ గంపలో కూర్చుండబెట్టి పీటలకడకు తెచ్చును. ఆ గంప మేదరి అల్లినది. ఉల్లెడ పట్టుట, పందిటికి గుడ్డలు కట్టుట చాకలి వంతు. వీరిలో పెక్కురకు సొమ్ము ముట్టుట అరుదు. పంట నూర్పిడి నాటి మేర, పెండ్లినాడు క్రొత్తబట్ట, స్వయంపాకము, తాంబూలము వీరి ప్రతిఫలము. ఇందు గౌరవము కొంత కలదు. కుమ్మరి యింటి ముందు పెండ్లివారు నిలువవలసి వచ్చెను గదా! అయినను ఈ పని కులమునుబట్టి పుట్టుకతో సంక్రమించినది. పనివాడు కాదనుటకు వీలు స్వల్పము. నాటి చేతిపనిని కొనియాడునపుడు ఈ నిర్బంధమును విస్మరించుట చరిత్రకారునికి తగదు.

ఇక ఇంటిలోని పనులు. మోదుగాకులను, అడ్డాకులను సన్నని పుల్లలతో విస్తళ్లుగా కుట్టుట, గడపలకు పసుపు రాచి ముగ్గులు వేయుట, పసుపును నేతిని కలిపి తలంబ్రాల బియ్యమును సిద్ధపరచుట ఇంటి స్త్రీలును ఇరుగుపొరుగు ముత్తైదువలును కలసి చేసెడి పనులు. వీనికి కూలి లేదు. రేపు వారి యింట పెండ్లియైనచో వీరు పోయి చేయుటయే బదులు. ఈ సామూహిక శ్రమ నేటికిని ఒకచోట ప్రత్యక్షముగా కనబడుచున్నది. భద్రాచల సీతారామ కల్యాణమునకై కోరుకొండ ప్రాంతపు భక్తులు వరిని పండించి, రోకలిని మరను తాకనీయక, ఒక్కొక్క గింజను గోటితో ఒలిచి తలంబ్రాలను సమర్పించుచున్నారు. అందు బియ్యము విలువకన్న దానిపై గడచిన కాలమే కానుక యని చెప్పవలెను.

పై వివరములన్నింటిలో ఒక విషయము గమనింపదగును. ఏ పనిలోను వధూవరుల చేయి లేదు. వారు నలుగు పెట్టించుకొనువారు, అలంకరింపబడువారు. దీనికి కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. పెక్కు కుటుంబములలో వధువు బాలిక; వరుడును తరచుగా బాలుడే. శారదా చట్టమను పేర ప్రసిద్ధమైన 1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు కనీస వయస్సుగా నిర్ణయించెను. 1978 నాటి సవరణ దానిని 18కిని, 21కిని పెంచెను. తమ పెండ్లి ఎట్లుండవలెనో తలపోసి, బొండమునకు రంగు ఎంచుకొను వధువు ఈ మార్పు లేనిదే సంభవింపదు. కావున వధూవరుల స్వహస్త రచన పూర్వాచారమునకు పునరుద్ధరణము కాదనియు, వయస్సు వచ్చి సమ్మతితో పెండ్లాడు దంపతుల కాలమునకు చెందిన క్రొత్త ఆచారమనియు మేము నిర్ణయించుచున్నాము.

ఈ నడుమ పాత ఏర్పాటు సడలిన తీరును చెప్పవలసియున్నది. అయిదునాళ్ల పెండ్లి ఒకనాటికి కుదించుకొనిపోయినది. ఇంటిముందరి తాటాకు పందిరికి బదులు కల్యాణమండపము వచ్చినది. కలసి కూర్చుండి కుట్టుటకు దినములును, చోటును కరవైనవి. బెండునకు మారుగా థర్మోకోల్ చేరినది. విస్తరికి మారుగా ప్లాస్టిక్ పూత గల పళ్లెము వచ్చినది. అలంకారమునకు వాడు థర్మోకోలును, మిఠాయి పెట్టెలకును శుభలేఖలకును చుట్టు పలుచని ప్లాస్టిక్ పొరను భారత ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. పెండ్లి అలంకారములకు ఆకు, బెండు, గుడ్డ మరల అవసరమగుట కేవలము అభిరుచి వలన కాదని దీనివలన తేలుచున్నది.

అతిథులకిచ్చు కానుకల విషయమున తాంబూలమే మూలరూపము. ఆకులు, వక్కలు, పండు చేతికందిచ్చుట వచ్చినవారి రాకను అంగీకరించుట. అందు ధరతో నిమిత్తము లేదు. నేడు దానితోపాటు చిన్న వస్తువు నొకదాని నిచ్చుచున్నారు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డునగల ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి, లక్కరంగులు పూసి చేయు కుంకుమభరిణె ఇందుకు చక్కగా తగును. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక సూచిక లభించినది. దంపతులు తామే కుట్టిన సంచిలో పనివాని వద్ద ధర చెల్లించి కొనిన భరిణె నుంచి ఇచ్చినచో, ఒకటి వారి శ్రమ, ఒకటి జీతము ముట్టిన శ్రమ. పూర్వపు పందిటిలో ఈ రెండును అరుదు. క్రొత్త ఆచారమునందు మేలైన అంశమిదియే యని మా తలంపు.

పరిశోధక విద్యార్థులకు మా విజ్ఞప్తి యొకటి కలదు. ఐరేని, ఉల్లెడ, బాసికము వంటి మాటలు నిఘంటువులలో నిలిచియున్నవి. కాని బెండును కోయు తీరు, ఐరేనిపై గీయు గీతల పేర్లు, గంప అంచు కట్టు వరుస తెలిసినవారు వృద్ధులగుచున్నారు. వస్తువు ఛాయాచిత్రముతో తృప్తిపడక, చేసినవారి నోట పనిముట్ల పేర్లను, పని క్రమమును, నాడు వారికి ముట్టిన ప్రతిఫలమును వ్రాసికొనవలెను. పెండ్లికూతురు నుదుటి బాసికమును వర్ణించిన పద్యమునకు వ్యాఖ్య వ్రాయువానికి ఆ బాసికమును కోసిన కత్తి పేరు కూడ తెలిసియుండుట మంచిది.