దాచిన తుపాకీకి లైసెన్సు వెల: ఒక అమెరికన్ చరిత్ర

అమెరికాలో ఎవరైనా దుకాణానికి వెళ్లి తుపాకీ కొనుక్కోవచ్చునన్న మాట కుల్కచర్ల, పరిగి, తాండూరు ప్రాంతాల నుంచి అక్కడికి పిల్లలను పంపిన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. అయితే కొనడం వేరు, కొన్న పిస్టల్‌నో రివాల్వర్‌నో బయటికి కనిపించకుండా దుస్తుల చాటున ధరించి వీధిలో తిరగడం వేరు. ఈ రెండవదానికి అనేక రాష్ట్రాలు ప్రత్యేక లైసెన్సు కోరుతూ వచ్చాయి. ఆ లైసెన్సు ఎవరికి దక్కాలో, ఎవరికి దక్కకూడదో తేల్చడంలో డబ్బు పోషించిన పాత్ర చాలా పాతది.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసలు విముక్తులైన వెంటనే, మిసిసిపీ రాష్ట్రం నల్లజాతివారు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోరాదని చట్టం చేసింది. చట్టం ముందు అందరూ సమానులేనని 1868 నాటి రాజ్యాంగ సవరణ ప్రకటించాక జాతి పేరెత్తి అలా నిషేధించే వీలు పోయింది. ఫ్లోరిడా 1893లో చేసిన చట్టం ఏ జాతినీ పేర్కొనలేదు గాని, వరుసగా పేల్చగల రైఫిల్ ధరించేవారు లైసెన్సు తీసుకోవాలని, అందుకు 100 డాలర్ల పూచీపత్రం సమర్పించాలని షరతు పెట్టింది. ఆ చట్టం నల్లజాతి కూలీలను నిరాయుధులను చేయడానికే పుట్టిందని, తెల్లవారికి వర్తింపజేయాలన్న ఉద్దేశం ఎన్నడూ లేదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్యూఫర్డ్ 1941లో ఒక తీర్పులో స్వయంగా రాశారు.

టెక్సస్ 1871 నుంచి పిస్టల్ ధరించి తిరగడాన్ని చాలావరకు నిషేధించింది. 1991లో కిలీన్ పట్టణంలోని ఒక హోటల్లో దుండగుడు 23 మందిని కాల్చి చంపిన తరువాత ప్రజాభిప్రాయం మారి, 1995లో కొత్త చట్టం వచ్చి, 1996 జనవరి 1 నుంచి లైసెన్సులు అమలులోకి వచ్చాయి. నాలుగేళ్ల లైసెన్సుకు రుసుము 140 డాలర్లు. అప్పటి కేంద్ర కనీస వేతనం గంటకు 4.25 డాలర్లు కనుక, ఆ రుసుము ఒక్కటే కనీస వేతన కార్మికుడి 33 గంటల కష్టంతో సమానం. శిక్షణ తరగతి, తూటాలు, వేలిముద్రలు, ఫోటోలు, తరగతి కోసం వదులుకున్న పనిదినం, అన్నిటికీ మించి తుపాకీ ధర దీనికి అదనం. వృద్ధులకు, నిరుపేదలకు రుసుములో రాయితీ ఉన్నమాట నిజమే. అయినా రాత్రివేళ పెట్రోలు బంకు కౌంటరులో ఒంటరిగా నిలబడే గుమాస్తాకు దోపిడీ భయం ఎక్కువ, జీతం తక్కువ. రక్షణ అవసరం హెచ్చుగా ఉన్నవాడికే దాన్ని భారం చేసిన ఈ ఏర్పాటును న్యాయమనడం కష్టం. టెక్సస్ 2017లో రుసుమును 40 డాలర్లకు తగ్గించింది. 2021 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా అనర్హులు కానివారికి లైసెన్సే అవసరం లేకుండా చేసింది.

న్యూయార్క్ నగరం మాత్రం వేరే దారిన నడిచింది. పిస్టల్ లైసెన్సుకు అక్కడ విధించిన 340 డాలర్ల రుసుమును అప్పీలు కోర్టు 2013లో సమర్థించింది, పరిశీలనకయ్యే ఖర్చును దరఖాస్తుదారు నుంచి రాబట్టడం చెల్లుతుందన్నది ఆ తీర్పు సారాంశం. 2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూవెన్ కేసులో, మితిమీరిన రుసుములు సాధారణ పౌరులు ఆయుధం ధరించే హక్కును హరించే పక్షంలో వాటిని సవాలు చేయవచ్చునని ఒక అధోజ్ఞాపికలో, అంటే పుటకింది వివరణలో, పేర్కొంది. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రం 16 గంటల తరగతిని, 2 గంటల కాల్పుల శిక్షణను తప్పనిసరి చేసింది. శిక్షణ అవసరమే, నేరచరిత్ర పరిశీలనా అవసరమే. సమాజం మొత్తం భద్రత కోసం కోరే ఆ పనుల ఖర్చును సమాజమే భరించడం సబబు.

హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప తుపాకీ కలిగి ఉండటాన్నే 1998 నాటి కేంద్ర చట్టం నిషేధిస్తుంది కనుక, అక్కడి తెలుగువారిలో చాలామందికి ఈ రుసుముల ప్రశ్న గ్రీన్‌కార్డు చేతికొచ్చిన తరువాతే ఎదురవుతుంది.