లాటిన్ సంఖ్యా పూర్వపదాలు: ఇంగ్లీషు మాటల్లో వాటి చరిత్ర

లాటిన్ అంకెల పేర్ల నుంచి వచ్చి ఇంగ్లీషు మాటల ముందు చేరే రూపాలు లాటిన్ సంఖ్యా పూర్వపదాలు. లాటిన్‌లో ఒకటి నుంచి పది దాకా అంకెలు ఊనుస్, దువో, త్రేస్, క్వత్తువోర్, క్వింక్వె, సెక్స్, సెప్తెమ్, ఒక్తో, నొవెమ్, దెకెమ్. నూరు కెంతుమ్, వెయ్యి మిల్లె. యూనిఫాంలోని యూని, బైసికిల్‌లోని బై, ట్రయాంగిల్‌లోని ట్రై, సెంటీమీటరులోని సెంటి, మిల్లీగ్రాములోని మిల్లి వీటి సంతతే.

తెలుగువారి నోట రోజూ నలిగే సెకను, డజను, క్వింటాలు, పర్సెంటు, సెంచరీ, సెప్టెంబరు కూడా ఈ కోవలోవే. వీటిలో చాలావాటికి ఒక ఉమ్మడి లక్షణం ఉంది. మాట పుట్టిన నాటి లెక్క దానిలో అలాగే ఉండిపోయింది. అది చెప్పే వస్తువో, కాలమో, కొలతో మాత్రం తర్వాత వేరే లెక్కకు మారింది. ఈ పదాల చరిత్రలో ఆసక్తికరమైన భాగమంతా ఆ మార్పుల్లోనే ఉంది.

సంస్కృతంతో చుట్టరికం

తెలుగు పాఠకుడికి ఈ రూపాలు మొదటిసారి విన్నా పరాయివిగా తోచవు. త్రి పక్కన త్రేస్, సప్త పక్కన సెప్తెమ్, అష్ట పక్కన ఒక్తో, నవ పక్కన నొవెమ్, దశ పక్కన దెకెమ్ పెట్టి చూస్తే పోలిక చెవికే తెలిసిపోతుంది. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో చేసిన ప్రసంగంలో విలియం జోన్స్, సంస్కృతానికీ గ్రీకుకూ లాటిన్‌కూ ధాతువుల్లోనూ వ్యాకరణ రూపాల్లోనూ ఉన్న పోలికలు యాదృచ్ఛికమైనవి కావనీ, ఈ భాషలన్నీ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ చెప్పాడు. ఆ చుట్టరికానికి అందరికీ తేలికగా అందే సాక్ష్యం అంకెలే.

ద్వికీ బైకీ పైకి పోలిక లేదు. అయినా రెండూ ఒకే మాట. తొలినాటి లాటిన్‌లో పదాది ద్వకారం కాలక్రమంలో బకారమైంది. మంచి అనే అర్థం గల దువొనుస్ బొనుస్ అయింది. జీతంతోపాటు ఇచ్చే బోనసు పేరు దాని నుంచే వచ్చింది. రెండుసార్లు అనే ద్విస్ బిస్ అయింది. సంస్కృతంలో ద్విః అన్నా రెండుసార్లనే అర్థం. ఈ బిస్ నుంచి వచ్చినదే బై. యుద్ధాన్ని చెప్పే దువెల్లుమ్ కూడా ఇదే దారిలో బెల్లుమ్ అయింది. కానీ పాత రూపం కవుల భాషలో బతికి, దువో అనే అంకెను గుర్తుకు తేవడం వల్ల మధ్యయుగాల్లో ఇద్దరి మధ్య పోరు అన్న అర్థం సంతరించుకుంది. ఇంగ్లీషు డ్యూయెల్ అలా వచ్చింది. ఈ మాటకు పుట్టుకలో రెండుతో సంబంధం లేదు, వాడుకే దాన్ని తెచ్చిపెట్టింది.

శతం, కెంతుమ్, హండ్రెడ్ మూడూ తోబుట్టువులే. మూలభాషలోని ఒకే ధ్వని సంస్కృతంలో శకారమై, లాటిన్‌లో కకారంగా నిలిచి, ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ శాఖలో హకారమైంది. జర్మానిక్ హల్లుల మార్పులను యాకోబ్ గ్రిమ్ 1822లో ఒక క్రమంలో పెట్టి చూపాడు. అంటే ఇంగ్లీషులో టూ, త్రీ, హండ్రెడ్ సొంత వారసత్వం. బై, ట్రై, సెంటి వెనక నుంచి వచ్చిన అరువు. రెండూ ఒకే పూర్వీకుల సొత్తు.

తెలుగు అంకెలు ఈ కుటుంబానివి కావు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వాదించిన వ్యాసం 1816లో, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికాభాగంగా అచ్చయింది. ఒకటి, రెండు, మూడు ద్రావిడ సంపద. వాటికీ సొంత పూర్వపదాలున్నాయి: ఇరువైపులా, ముమ్మారు, నలుదిక్కులు. శాస్త్ర పదాలకు మాత్రం తెలుగు ద్వి, త్రి, చతుర్ పుచ్చుకుంది. త్రిభుజం, చతుర్భుజం, ద్విచక్ర వాహనం అలా ఏర్పడ్డాయి. ఇంట్లో సొంత అంకె, శాస్త్రంలో పెద్దభాష అంకె అనే ఈ ఏర్పాటు ఇంగ్లీషుకూ తెలుగుకూ సమానం.

ఇంగ్లీషు చేరిన దారులు

అన్నిటికన్నా పాతవి, రోమన్లతో జర్మానిక్ తెగల వ్యాపారంలోనే చేరిన మాటలు. ఊనుస్ నుంచి పుట్టిన ఉంకియా అంటే పన్నెండో వంతు. అడుగులో పన్నెండో వంతు ఇంచి అయింది. పౌనులో పన్నెండో వంతు, చాలాకాలం తర్వాత ఫ్రెంచి మీదుగా, ఔన్సు అయింది. ఒకే మాట రెండుసార్లు రెండు వేషాల్లో వచ్చిందన్నమాట. మామూలు తూకంలో ఇప్పుడు పౌనుకు 16 ఔన్సులు. బంగారం తూచే ట్రాయ్ తూకంలో మాత్రం నేటికీ 12. మైలు కూడా తొలినాటి అరువే. రోమన్ సైన్యం వెయ్యి జంట అంగలను మైలు అనేది. అది సుమారు 1,480 మీటర్లు. ఇంగ్లండులో 1593 నాటి చట్టం మైలును 5,280 అడుగులు చేశాక వెయ్యితో దానికి బంధం తెగిపోయింది.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వచ్చిన ఫ్రెంచి మాటల్లో లాటిన్ అంకెలు బాగా అరిగిపోయి కనిపిస్తాయి. లాటిన్ దువోదెకిమ్, అంటే పన్నెండు, ఫ్రెంచి నోట నలిగి డజను అయింది. స్క్వేరు, స్క్వాడ్, క్వార్టరు, రాళ్ల క్వారీ అన్నిటా ఉన్నది నాలుగే. క్వారీ మొదట చదరపు రాళ్లు చెక్కే చోటు. తర్వాతి శతాబ్దాల్లో పండితులు లాటిన్ పుస్తకాల నుంచి నేరుగా తీసుకున్నవి అరగలేదు. క్వాడ్రిలేటరల్ లాంటి మాటల్లో అంకె స్పష్టంగా వినిపిస్తుంది.

లాటిన్‌లో లెక్క చెప్పే అంకెలు వేరు, వరస చెప్పేవి వేరు, తలా ఇన్ని అని చెప్పేవి వేరు. ప్రైమరీ, సెకండరీ వరసవాచకాల నుంచి వచ్చాయి. నిజానికి సెకుందుస్ అంకె కాదు, వెంట వచ్చేది అని దాని అర్థం. గంటను అరవై చిన్న భాగాలుగా విడగొట్టడం మొదటి విభజన, అది నిమిషం. దాన్ని మళ్లీ అరవైగా విడగొట్టడం రెండో విభజన, అది సెకను. తలా రెండేసి అనే అర్థం గల బీనీ నుంచి బైనరీ వచ్చింది. సున్నా, ఒకటి అనే రెండు గుర్తులతోనే అన్ని లెక్కలూ చేయవచ్చని చూపిన లైబ్నిట్స్ వ్యాసం 1703 నాటి ఫ్రెంచి విజ్ఞానశాస్త్రాల అకాడమీ సంపుటంలోది. బైనరీ డిజిట్‌ను కుదించి జాన్ టూకీ బిట్ అన్నాడు. క్లాడ్ షానన్ 1948లో తన సమాచార సిద్ధాంత వ్యాసంలో దాన్ని వాడి, ఆ మాట టూకీదేనని చెప్పాడు.

లెక్క తప్పిన మాటలు

సెప్టెంబరు తొమ్మిదో నెల, దాని పేరులో ఏడు. అక్టోబరులో ఎనిమిది, నవంబరులో తొమ్మిది, డిసెంబరులో పది. రోమన్ల పాత సంవత్సరం మార్చితో మొదలయ్యేది కాబట్టి అప్పట్లో ఆ పేర్లు సరిగ్గా సరిపోయేవి. క్రీ.పూ. 153 నుంచి రోమన్ ప్రధాన పాలకులైన కాన్సళ్లు జనవరి 1న పదవి చేపట్టడం మొదలయ్యాక ఏడాది ఆరంభం ముందుకు జరిగింది, నెలల పేర్లు జరగలేదు. ఐదో నెల క్వింటిలిస్ క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు పేరిట జులై అయింది. ఆరోది సెక్స్‌టిలిస్ క్రీ.పూ. 8లో ఆగస్టయింది. అలా ఆ రెండు నెలలకు మాత్రమే తప్పు అంకె మోసే బాధ తప్పింది.

రోజులో కూడా ఇలాంటి జరుగుబాటే ఉంది. పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కించే రోమన్ పద్ధతిలో తొమ్మిదో గంట, నోనా హోరా, మధ్యాహ్నం మూడు ప్రాంతం. మధ్యయుగాల క్రైస్తవ మఠాల్లో ఆ వేళ చేసే ప్రార్థన, భోజనం క్రమంగా ముందుకు జరిగి, నూన్ అంటే పగలు పన్నెండు అయింది. స్పెయిన్ వారి మధ్యాహ్నపు కునుకు సియెస్టా ఆరో గంట నుంచి వచ్చింది.

సైన్యంలో సెంచూరియన్ అంటే నూరుమంది దళపతి. సామ్రాజ్యపు రోజుల్లో అతని కింద ఉండేది 80 మందే. డెసిమేట్ వెనక ఉన్నది భయంకరమైన శిక్ష: పిరికితనం చూపిన దళంలో చీటీలు వేసి ప్రతి పదో సైనికుణ్ని తోటివారి చేతనే చంపించేవారు. స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు కాలంలో, క్రీ.పూ. 71 ప్రాంతంలో, రోమన్ సేనాని క్రాసుస్ దాన్ని మళ్లీ అమలు చేశాడు. ఇప్పుడు ఇంగ్లీషులో ఆ మాటకు దాదాపు అంతా నాశనం చేయడమని అర్థం. పదింట ఒకటి పదింట తొమ్మిది అయినంత పని. సెంచరీ కూడా మొదట నూటి గుంపే. నూరేళ్లకు అది వాడుక కావడం 17వ శతాబ్దిలో, నూరు పరుగులకు ఇంకా తర్వాత.

2020లో పల్లెపల్లెకూ చేరిన క్వారంటైన్ నలభై నుంచి వచ్చింది. ప్లేగు భయంతో 1377లో అడ్రియాటిక్ తీరంలోని రగూసా, నేటి దుబ్రోవ్నిక్, బయటివారిని ముప్పై రోజులు వేరుగా ఉంచమని ఆదేశించింది. తర్వాత గడువు నలభైకి పెరిగింది. వెనీసు వారి మాటల్లో ఆ నలభై రోజులే నిలబడిపోయాయి. కోవిడ్ నాడు పద్నాలుగు రోజులు ఇంట్లో ఉన్నా దాని పేరు నలభయ్యే.

క్వింటాలు కథ ఇంకా పెద్దది. ధాన్యం, పత్తి, మిర్చి ధర క్వింటాలు లెక్కన చెప్పుకునే రైతులకు ఆ మాటలో లాటిన్ ఐదు వినిపించవచ్చు, కానీ అందులో ఉన్నది నూరు. లాటిన్ కెంతేనారియుమ్ గ్రీకులోకి పోయి, సిరియాక్ మీదుగా అరబ్బీలో కింతార్ అయి, మధ్యయుగపు లాటిన్‌లోకి క్వింటాలేగా తిరిగి వచ్చింది. పోయిన చోట్లల్లా బరువు మారింది. మెట్రిక్ పద్ధతిలో అది 100 కిలోలు. ఇంత తిరిగాక మళ్లీ తన అసలు అంకెను చేరుకున్న మాట ఇది. ఆంధ్రప్రదేశ్‌లో స్థలం కొలిచే సెంటులోనూ ఉన్నది నూరే: ఎకరంలో నూరో వంతు, అంటే 48.4 చదరపు గజాలు.

మిలియన్ నుంచి మూలకాల దాకా

రోమన్లకు వెయ్యి దాటితే విడి పేరు లేదు. మిల్లెకు పెద్ద అనే ప్రత్యయం తగిలించి ఇటాలియన్లు మిలియోనె చేశారు, అంటే పెద్ద వెయ్యి. ఫ్రెంచి గణితవేత్త నికోలా షుకే 1484లో రాసిన గ్రంథంలో బిలియన్, ట్రిలియన్ అంటూ నోనిలియన్ దాకా వరసగా పేర్లు పెట్టాడు. ఆయన లెక్కలో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, మన లెక్కలో లక్ష కోట్లు. తర్వాత ఫ్రాన్సులోనే కొందరు దాన్ని వెయ్యి మిలియన్లకు, అంటే వంద కోట్లకు, తగ్గించారు. అమెరికా ఆ చిన్న లెక్క పట్టుకుంది, బ్రిటన్ పెద్ద లెక్క పట్టుకుంది. 1974లో ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు ఇచ్చిన జవాబుతో బ్రిటన్ ప్రభుత్వ గణాంకాలూ చిన్న లెక్కకే మారాయి. ఫ్రాన్సు, జర్మనీ నేడు పెద్ద లెక్కనే వాడుతున్నాయి. అందుచేత అనువాదకులు పాత పుస్తకంలో బిలియన్ కనిపిస్తే ఏ దేశానిది, ఏ కాలానిది అని చూసుకోక తప్పదు.

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1795 ఏప్రిల్ 7 నాటి చట్టంతో ఒక చక్కని నియమం పెట్టింది: పెద్ద కొలతలకు గ్రీకు అంకెలు, చిన్నవాటికి లాటిన్ అంకెలు. కిలో వెయ్యి రెట్లు, మిల్లి వెయ్యో వంతు. అప్పటి నుంచి సెంటికి రెండు అర్థాలు. సెంటీమీటరు మీటరులో నూరో భాగం, సెంటిపీడ్ నూరు కాళ్ల జీవి. సెంటిపీడ్ అంటే మన జెర్రి. దాని కాళ్ల జతలు 15 నుంచి 191 దాకా ఉంటాయి, ఎదిగిన జెర్రుల్లో ఎప్పుడూ బేసి సంఖ్యే. కాబట్టి వాటికి సరిగ్గా నూరు కాళ్లుండవు. వెయ్యి కాళ్లదని పేరున్న మిల్లిపీడ్‌కు వెయ్యి దాటిన కాళ్లు దొరికింది 2021లోనే. ఆస్ట్రేలియాలో భూమి లోతుల్లో దొరికిన యూమిల్లిపెస్ పెర్సెఫొనె అనే జాతిలో ఒకదానికి 1,306 కాళ్లు లెక్కించారు.

రెండర్థాల ఇబ్బంది బైకీ ఉంది. ఇంగ్లీషులో బైమంత్లీ అంటే నెలకు రెండుసార్లనీ, రెండు నెలలకోసారనీ రెండు విధాలా వాడతారు. తెలుగులో పక్షపత్రిక, ద్వైమాసిక అని తేడా స్పష్టం. ఈ విషయంలో తెలుగు వాడుకే మేలు.

లాటిన్, గ్రీకు అంకెలు కలిసిన మాటలను ఒకప్పుడు పండితులు ఒప్పుకునేవారు కాదు. బైసికిల్‌లో బై లాటిన్, సికిల్ గ్రీకు. వాడుక ఆ అభ్యంతరాన్ని పట్టించుకోలేదు. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం, ఇంకా పేరు పెట్టని మూలకాలకు 1970ల చివర తాత్కాలిక పేర్ల పద్ధతి రూపొందించినప్పుడు కావాలనే రెండు భాషలనూ కలిపింది. సున్నా నుంచి తొమ్మిది దాకా నిల్, ఉన్, బి, ట్రి, క్వాడ్, పెంట్, హెక్స్, సెప్ట్, ఆక్ట్, ఎన్ అన్నది. ఏ రెండింటికీ మొదటి అక్షరం ఒకటి కాకూడదు కాబట్టి ఐదుకూ ఆరుకూ తొమ్మిదికీ లాటిన్ వదిలి గ్రీకు తీసుకున్నారు. 118వ మూలకాన్ని ఉనునాక్టియం అని పిలిచి, 2016లో ఒగానెసాన్ అని పేరు స్థిరపరిచారు. 119వ మూలకాన్ని ఇంకా ఎవరూ తయారు చేయలేదు. అంతవరకు దాని పేరు ఉనునెన్నియం.