కె.సి. కాలువకు చెరువు లేదు

కర్నూలు–కడప కాలువకు బచావత్ ట్రిబ్యునల్ కేటాయించిన నీళ్లు ఏడాదికి 39.9 టీఎంసీలు. ఆ నీళ్లను కాలువకు మళ్లించే సుంకేసుల బ్యారేజీలో నిలిచేది 1.2 టీఎంసీలు. ఆళ్లగడ్డ పక్క పల్లెలో పుట్టి ఈ కాలువ కింద వరి పండించినవాణ్ణి. మా నీళ్ల చరిత్రను ఈ రెండు అంకెల దగ్గర్నుంచి వెనక్కి చదువుకోవడం నాకు అలవాటు.

కాలువ రాకముందు హక్కూ నిల్వా ఒకే చోట ఉండేవి. చెరువు మంచిచెడ్డలు చూసేవాళ్లకు దశబంధం ఇనాంగా భూమి దక్కేది. కట్ట తెగినా తూము చెడినా బాగుచేయించాల్సిన పూచీ ఆ భూమిని అంటిపెట్టుకునే ఉండేది. నీరుగంటి మడిమడికీ నీళ్లు పెట్టి, కళ్లంలో తన మేర తీసుకునేవాడు.

చెరువు లేని మా పల్లెలో ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులే దిక్కు. మాది నాలుగు పాళ్ల బావి. తాతా, ఆయన అన్నదమ్ములూ వంతులేసుకుని కపిల తోలేవారు. వంతు దాటి ఒక్క బాన ఎక్కువ తోడినా పంచాయతీ జరిగేది. భాగపరిష్కారం రాసుకున్నప్పుడు పొలం సరిహద్దుల పక్కనే బావిలో పావు వంతని కూడా రాసుకున్నారు. నీళ్లు కళ్లెదుటే ఉన్నాయి కాబట్టి ఆ రాతకు విలువ ఉండేది.

ఇక్కడ పోరుమామిళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. మాకు తూర్పున కొండలు దాటితే వస్తుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనంలో చెక్కారు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం వాటిలో ఒకటి. నీళ్లు తక్కువై, తడపాల్సిన నేల ఎక్కువవడం మరొకటి. చెరువు గురించి చెప్పిన ఆ రెండు దోషాలూ మా కాలువకు అచ్చంగా పట్టుకున్నాయి.

ఈ కాలువను తవ్వింది సర్కారు కాదు, 1858లో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. దాని వెనుక ఆర్థర్ కాటన్ ప్రోద్బలం ఉంది. లండన్‌లో సొమ్ము పెట్టినవాళ్లకు నూటికి 5 వడ్డీ ఇప్పిస్తానని సర్కారు హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, పడవలు నడవడానికి లాకులు కట్టి 1860లలో కాలువ తవ్వారు. నీళ్లు వచ్చినా రైతులు తీసుకోలేదు. కంపెనీ వాళ్లకు అది మొండితనంగా తోచి ఉండొచ్చు. నాకు మాత్రం అది తెలివైన లెక్క. వానకే జొన్నా పత్తీ పండే నల్లరేగడికి నీటితీరువా కట్టి తడి పెట్టడం ఎందుకు?

1876–78 కరువు ఆ లెక్కను తిరగరాసింది. ధాత కరువని దాని పేరు మా ముసలివాళ్లు గొంతు తగ్గించి చెప్పేవారు. ఆ తర్వాతే కాలువ నీళ్లు కావాలన్న ఆశ పుట్టింది. నష్టాల్లో కూరుకున్న కంపెనీ నుంచి 1882లో సర్కారు కాలువను కొనేసింది. 1933లో పడవలు ఆగిపోయాయి, వరి నిలిచింది. కాలువ కింద ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలకు చేరింది.

ఇంత ఆయకట్టుకు సరిపడా సొంత జలాశయం లేదు. ఏట్లో పారితే కాలువలో పారుతుంది. కుందూలో కలిసిన నీళ్లను సంతజూటూరు ఆనకట్ట దగ్గర మళ్లీ పట్టి నంద్యాల, శిరివెళ్ల మీదుగా మా వైపు తెస్తారు. పైమడులు తడిసి మాదాకా వచ్చేసరికి నారు ముదిరిపోతుంది. కాలువకు పైనున్న తుంగభద్ర డ్యాం కర్ణాటకలో ఉంది, సుంకేసుల తెలంగాణ పొలిమేరలో ఉంది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు నీళ్లలో మొదటి వంతు ఇవ్వాలని కోస్తా, సీమ పెద్దలు సంతకాలు చేశారు. ఆ వంతంతా దాచుకునే చోటు మాత్రం ఎవరూ కట్టివ్వలేదు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు బనకచర్ల రెగ్యులేటర్ నుంచి కొన్ని నీళ్లు కాలువకు వదులుతారు. శ్రీశైలం మట్టం తగ్గితే అదీ ఉండదు.

2016 మే 31న సీమ రైతులు సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలంటూ కృష్ణ ఒడ్డుకు తరలివెళ్లి, తామే శంకుస్థాపన చేశారు. నీళ్లలో మా వంతు పెంచమని కాదు, ఉన్న వంతును నిలబెట్టే కట్ట కావాలని అడిగారు. సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కట్టాలన్న ప్రతిపాదన కూడా ఉంది. నా మటుకు నాకు అదే ముందు కావాలి. సిద్ధేశ్వరం కృష్ణ మీద కడతారు. గుండ్రేవుల కడితే మా కాలువ పుట్టే తుంగభద్ర మీదే, మా తూముకు పైనే నీళ్లు నిలుస్తాయి.