చెక్కిన గాజు, అచ్చు గాజు

నాయొద్ద నొక చిన్న ఉప్పుగిన్నె కలదు. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి చెక్కడమని చెప్పగా నమ్మి కొంటిని.

ఫ్రాన్సుదేశపు లోరేను సీమలో బాకరా యను నూర 1764లో గాజుకొలిమి వెలసెను. 1816లో అది చేతులు మారిన పిదప అచ్చట సీసము కలిపిన గాజు కరగింపసాగిరి. దానిని వారు స్ఫటికమందురు. గనిలో దొరకునది కాదు గనుక ఆ పేరు నాకు సమ్మతము కాదు. సీసమువలన గాజు బరువెక్కి, చక్రమునకు లొంగి, వెలుతురును రంగులుగా చీల్చును. తిరుగు ఇనుపచక్రముపై తడియిసుక జారుచుండ, పనివాడు పాత్రను అదిమిపట్టి పలకలు దీయును. పిదప రాతిచక్రమున నునుపు, కొయ్యచక్రమున మెరుగు. చేయి తప్పెనా, పాత్ర పోయినట్లే. 1841నాటి ఆర్కూరు పానపాత్ర యీ విద్యకు నిదర్శనము.

ఆ కాలముననే లోహపుటచ్చులలో నొత్తి ఇట్టి పలకలనే చౌకగా దింపిరి. కంటికి భేదము తోపదు. అంచుపై వ్రేలు నడపి చూడవలెను: చెక్కినది వాడిగా తగులును, అచ్చుది మొద్దుగా నుండును. ఈ సంగతి తెలిసిన రాత్రి దీపము ముందర నా గిన్నె అంచు తడవితిని. మొద్దుగానే యుండెను.